ఎడమ అంచున చుక్క

లేపి ఉండాల్సింది కదా, ఒక్క మాట, అన్నయ్యా లే, బయట వెలుతురు బాగుంది అని ఒక్క మాట అంటే తమ్ముడి నోటి ముత్యాలేమైనా రాలిపోయేవా, అనుకుంటూ అతను బూటు లేసు బిగించాడు, లాగిన లాగుడికి లేసు చివర తెగి చేతికొచ్చింది, ఇదీ వాడి పనే అన్నంత కోపం వచ్చింది, ఎప్పటి సంగతికో ఇవాళ లేసు తెగడమేమిటని నవ్వూ వచ్చింది, నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే లాడ్జి గది గోడ మీది క్యాలెండరులోనూ తమ్ముడి ఫోటోలోని ఆ సరస్సే, ఆ కొండే, ఎవరో ఊరూ పేరూ తెలియనివాడు తీసినది, రంగులు దిట్టంగా ఉన్నాయి, నీళ్ల గీత తిన్నగా ఉంది, అయినా తమ్ముడు తీసినట్టు లేదు, అదే మరి బాధ, ఎవరు తీసినా తమ్ముడు తీసినట్టు ఉండదు.

కెమెరా సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది, వీధి చివరి దీపం ఇంకా ఆరలేదు, దాని చుట్టూ మంచు మెల్లగా తిరుగుతోంది, నిన్న భార్య ఫోనులో ఏమంది, హాయిగా పడుకోండి, కెమెరా ముట్టుకోకపోతే మిమ్మల్నెవరూ కొట్టరు, మీరెళ్లింది విశ్రాంతికి అంది, అవును విశ్రాంతికే అని తనూ అన్నాడు, అబద్ధం ఆడుతున్నా గొంతు ఎక్కడా తడబడలేదు, పెళ్లిళ్ల సీజను ముగిసేసరికి ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టవుతుంది ప్రతి ఏడూ, ఏ పెళ్లికూతురిని చూసినా పోయిన వారం పెళ్లికూతురే అనిపిస్తుంది, కాస్త నవ్వండి, కాస్త నవ్వండి అని అనీ అనీ తన మొహాన నవ్వన్నది మర్చిపోతాడు, నాలుగు రోజులు కొండల్లో తిరిగిరా, మనిషివి మళ్లీ మనిషివవుతావు అని ఇంటిల్లిపాదీ తరిమారు, వాళ్లకేం తెలుసు, తను వచ్చింది సత్తువ నింపుకోవడానికి కాదు, ఆసుపత్రి గోడ నింపడానికి, తమ్ముడి ఫోటో ఎక్కాల్సిన గోడ మీద తన ఫోటో ఎక్కించడానికి.

ఆ గోడ గుర్తొస్తేనే నడక వేగం పెరిగింది, తమ్ముడి మందుల షాపు ఆసుపత్రికి ఎదురుగా, బల్ల వెనక దగ్గు మందుల అర పైన ఆ సరస్సు ఫోటో, ఒకరోజు పెద్ద డాక్టరమ్మ తలనొప్పి మాత్రలకని వచ్చి, మాత్రలు మర్చిపోయి ఫోటో చూస్తూ నిలబడిపోయిందట, రోగుల వాళ్లు కూర్చునే హాలు కొత్తగా కడుతున్నాం, ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా ఇదే ఉండాలి అందట, తమ్ముడు షాపు షట్టరు సగం దించి స్టూడియోకి పరిగెత్తుకొచ్చాడు, అన్నయ్యా, అన్నయ్యా, నువ్వే ప్రింటు వెయ్యాలి, నీ చేత్తో వేస్తేనే దానికి అందం అని ఆయాసపడుతూ, ఆ ఆయాసం చూస్తే ముచ్చటేసింది కూడా, చిన్నప్పుడు బడిలో బహుమతి వచ్చినా ఇలాగే వీధి మొదటినుంచి అరుచుకుంటూ వచ్చేవాడు, ముచ్చటేసిన మరుక్షణమే ఒళ్లు మండింది, చూద్దాంలేరా, ప్రింటు మిషను బాగోలేదు అన్నాడు, మిషను నిక్షేపంలా ఉంది, వాడు అటు వెళ్లగానే ఇటు డాక్టరమ్మకి ఫోను చేశాడు, అమ్మా, ఆ ఫోటో చిన్న కెమెరాతో తీసింది, అంత పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, అదే సరస్సుని నేను పెద్ద కెమెరాతో తీసిస్తాను అన్నాడు, అందులో అబద్ధమేముంది, ఫోటోగ్రాఫరుగా చూస్తే ప్రతి మాటా నిజం, అన్నగా చూస్తేనే, సరే, అన్నగా చూడమని ఇప్పుడెవరడిగారు, డాక్టరమ్మ కూడా ఏమంది, ఆ పనిలో పెద్దవారు మీరు, మీ ఇష్టం, సరస్సు ఉంటే చాలు అంది, సరస్సు ఉంటే చాలట, తమ్ముడు ఉండక్కర్లేదు, పాపం వాడికింకా తెలియదు, మిషను బాగయిందా అన్నయ్యా అని రోజు విడిచి రోజు ఫోను చేస్తూనే ఉన్నాడు.

పార్కు గేటు పక్క చెక్క గూటిలో గార్డు, కళ్లు తప్ప మొహమంతా మఫ్లరు చుట్టుకున్న ఆవిడ, వంకెకి వేలాడుతున్న నారింజ రంగు కోటు తీసి ఇచ్చింది, వేసుకోండి సారూ, ఇది లేకపోతే లోపలికి పంపను, మంచు దిగిందంటే మిమ్మల్ని వెతుక్కోవాల్సింది మేమే అంది, తెలుసమ్మా, ఇంతకుముందు వచ్చాను అన్నాడు, అయితే సరే, మీకన్నా ముందు ఇంకొకాయన వెళ్లాడు, ఇవాళ లోపల మీరిద్దరే అంది, తమ్ముడితో వచ్చిన ఆ ఏడు ఈ గూటిలో ముసలాయన ఉండేవాడు, ఆయనా ఇలాగే, ఈ వారమంతా పార్కు మీ అన్నదమ్ములిద్దరిదే, ఇంకో పిట్ట లేదు, ఏలుకోండి అన్నాడు, కోటు చల్లగా, ఎవరెవరివో చెమటలు ఇంకిపోయిన వాసన, చేతులు పొట్టి, మొదటిరోజు తమ్ముడు తన ముందు నిలబడి జిప్పు మెడ దాకా లాగి, గుమ్మడికాయలా ఉన్నావన్నయ్యా, మంచిదేలే, ఎంత దూరం పారిపోయినా దొరికిపోతావు అన్నాడు, చాలా రోజుల తర్వాత తను నవ్విన నవ్వు అది, ఇప్పుడు జిప్పు తనే లాక్కుంటుంటే పళ్లు ఇరుక్కుని సగంలో ఆగింది, ఉండనీ, ఎవరు చూడొచ్చారు.

కాలిబాట రాళ్లు తడిగా ఉన్నాయి, రెండు పక్కలా ఎండిన గడ్డి మోకాలెత్తున, ఎక్కడో నీళ్లు జారుతున్న చప్పుడు, ఎంతమంది ఇళ్లలో ఉందో ఆ ఫోటో, పిన్ని ఇంట్లో ఉంది, బావగారి ఆఫీసులో ఉంది, మేనకోడలు కొత్తింట్లోకి దిగుతూ మావయ్యా, నాకేం కావాలో తెలుసా అంటే తన గుండె గంతేసింది, చిన్న మావయ్య తీసిన సరస్సు పెద్దది వేసివ్వు అంది, వేసిచ్చాడు, ఫ్రేము కూడా కట్టించి ఇచ్చాడు, నవ్వుతూ ఇచ్చాడు, నవ్వించడమే కదా తన వృత్తి, తనని తనే నవ్వించుకున్నాడు, చివరికి తన ఇంట్లో, తన హాల్లో, టీవీ పైన, భార్య స్వయంగా మేకు కొట్టి మరీ తగిలించింది, ఇదేమిటే, మన స్టూడియో ఫోటోలు అన్ని ఉండగా అంటే, మీ ఫోటోల్లో అందరూ మనకేసే చూస్తుంటారండీ, అన్నం తింటుంటే మింగుడు పడదు, ఇది చూస్తే హాయిగా ఉంటుంది అంది, హాయిగా ఉంటుందట, సగం జీవితం తీసిన పెళ్లి ఫోటోలు ఎక్కడున్నాయి, బీరువాల్లో, మంచాల కింద, మొగుడూ పెళ్లాం విడిపోతే అటక మీది అట్టపెట్టెల్లో, గోడకి తగిలించినవాడు కూడా తన మొహం కోసం తగిలించుకున్నాడు గాని తీసినవాడి చెయ్యి కోసం కాదు, తమ్ముడేమో జీవితంలో ఒక్క ఫోటో తీశాడు, అదీ తను పారెయ్యబోయిన పాత కెమెరాతో, బ్యాటరీ మూత విరిగితే రబ్బరు బ్యాండు వేసుకున్న కెమెరాతో, స్టాండు లేదు, పాడు లేదు, నీళ్ల గీత కుడివైపుకి వెంట్రుకవాసి ఒరిగింది, ఎవరికీ కనపడదు, తనకి కనపడుతుంది, అన్నం తింటుంటే ముద్ద ముద్దకీ కనపడుతుంది.

అంతేనా, ఎడమ అంచున ఒక చుక్క కూడా ఉండేది, నీళ్లలోకి పొడుచుకొచ్చిన బల్లపరుపు రాయి చివర నారింజ రంగు చుక్క, ఏ ప్లాస్టిక్ సంచో కొట్టుకొచ్చి ఇరుక్కుని ఉంటుంది, ప్రింటు వేసే ముందు తనే తుడిచేశాడు, మొటిమలు, కరెంటు తీగలు, వెనక నిలబడి ఆవలించే చుట్టాలు, వీటన్నిటినీ రోజూ తుడిచే చెయ్యి కదా, కన్ను చూసేలోపే చెయ్యి వెళ్లిపోతుంది, కంప్యూటరు మీద ఒక్క అద్దు అద్దితే చుక్క మాయం, దాని చోట నీళ్లు పరుచుకున్నాయి, ప్రింటు చూడగానే తమ్ముడు, ఆ చుక్క ఏదన్నయ్యా అన్నాడు, చెత్తరా, తుడిచేశాను, నీ ఫోటోని నిలబెట్టాను పో అన్నాడు తను, తమ్ముడు నోరు తెరిచాడు, మూశాడు, పోనీలే, నీకు తెలుసుగా అన్నాడు, మెచ్చుకోలు మాట ఒక్కటి లేదు వెధవకి, పైగా ఆ చుక్క ఉన్న పాత ప్రింటు ఒకటి, అరచేతి అంత, రంగులు వెలిసినది, షాపులో ఫ్రిజ్జు తలుపుకి అంటించుకున్నాడు, ఇన్సులిన్ తీయడానికి తలుపు తెరిచినప్పుడల్లా అదే, అది పీకెయ్యరా, పరువు పోతోంది, కొత్తది వేసిస్తాను అంటే, ఉండనీ అన్నయ్యా, నాకదే బాగుంటుంది అంటాడు, కంటికి మంచీ చెడూ తెలియని మనిషికి అదృష్టం పట్టడం అంటే ఇదే.

అదృష్టమే, అంతకన్నా ఏమీ లేదు, ఆ ఏడు తను సీజను మధ్యలోనే కూలబడ్డాడు, ఒక పెళ్లిలో అందరూ వరసగా నిలబడి తనకేసి చూస్తుంటే చేతులు వణికి, కెమెరా కుర్చీలో పెట్టేసి, వెనక మెట్ల మీద కూర్చుండిపోయాడు, తర్వాత తిండి సయించక, నిద్ర పట్టక, ఎవరైనా నవ్వితే ఏడుపొచ్చి, స్టూడియో తాళం తీయబుద్ధి కాక, అప్పుడే తమ్ముడు షాపు మూసేసి వచ్చి, వదినా, అన్నయ్యని నేను తీసుకెళ్తున్నా, మనిషిని చేసి తెస్తా అని బస్సెక్కించాడు, ఇక్కడికే, ఈ లాడ్జికే, వచ్చినప్పటినుంచి మంచే, కొండ లేదు, సరస్సు లేదు, కిటికీ తీస్తే తెల్లటి గోడ, ఒక్క పొద్దున తెరిపిచ్చింది, తమ్ముడి కన్నా ముందే లేచి, గేటు దగ్గర కోటు తగిలించుకుని, ఆ బల్లపరుపు రాయి చివరిదాకా పరిగెత్తాడు, కొండ సంగతే పట్టలేదు, అవతలి ఒడ్డున నీటి పక్షులుంటే పెద్ద లెన్సు వాటి మీద పెట్టాడు, అవి లేచిపోయాయి, ఒక్క ఫోటో కుదరలేదు, వెనక ఒడ్డు మీంచి అన్నయ్యా, టీ అని తమ్ముడు ఫ్లాస్కు ఊపుతూ అరిస్తే, ఆగరా అని వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు, ఏమీ కుదరకపోయినా ఆ పొద్దున ఎందుకో చేతులు వణకలేదు, ఆకలి కూడా వేసింది, ఆ తర్వాత మళ్లీ మంచు, తనకి జ్వరం, ముసుగు తన్ని పడుకున్నాడు, అదిగో అప్పుడే, తను జ్వరంతో పడి ఉన్నప్పుడే మళ్లీ తెరిపిచ్చి ఉంటుంది, వాడు పిల్లిలా జారుకుని తీసుకుని ఉంటాడు, ఎప్పుడు తీశావురా అని అడగలేదు, అడిగితే తను కుళ్లుకుంటున్నాడని బయటపడుతుంది, అందుకే ఇన్నేళ్లూ అడగలేదు, వాడూ చెప్పలేదు, లేపాలి కదా, జ్వరమైతే మాత్రం, దుప్పటి కప్పి నడిపించుకెళ్లాలి కదా అన్నని.

బాట మలుపు తిరిగేసరికి ఒక్కసారిగా సరస్సు, మంచు పైకి లేచి కొండ నడుము దాకా వచ్చి ఆగింది, శిఖరం మీద అప్పుడే లేత వెలుగు, నీళ్లు కదలడం లేదు, ముందు పని చూడు అని తనని తను కసురుకుని ఫోను తీశాడు, అందులో తమ్ముడి ఫోటో, అంటే తను తుడిచి బాగుచేసిన ఫోటో, దగ్గరలో నీళ్లలోంచి లేచిన ఎండు మోడు ఒకటి, పైన రెండుగా చీలి ఉంటుంది, ఆ చీలిక నడుమ సరిగ్గా కొండ శిఖరం, ఈ రెండూ కలిసే చోటు ఒక్కటే ఉంటుంది, అడుగు ఇటు వేస్తే శిఖరం కొమ్మ వెనక దాక్కుంటుంది, అటు వేస్తే జారిపోతుంది, తమ్ముడు ఏ రాయి ఎక్కాడో, ఏ బురదలో దిగాడో అని ఒడ్డంతా తిరిగాడు, తీరా దొరికిన చోటు ఏమిటంటే బాట వచ్చి ఒడ్డుని తాకే చోటే, బస్సు దిగినవాడు నిలబడే చోటు, వెతకలేదు వాడు, ఒంగలేదు, నడుచుకుంటూ వచ్చినవాడు వచ్చినట్టే ఆగి నొక్కాడు, ఇంతేనా నీ పనితనం అని తృప్తిగా అనుకుని స్టాండు కాళ్లు విప్పాడు, కెమెరా బిగించాడు, స్టాండు మీది మట్టం గాలిబుడగ చూసి గీత తిన్నగా సరిచేశాడు, వెంట్రుకవాసి కూడా ఒరగకుండా.

వెలుగు దిగుతోంది, శిఖరం నుంచి కొండ భుజం మీదికి, భుజం నుంచి పొదల మీదికి, మోడు అంచు ఎర్రబడింది, కెమెరా వెనక ఒంగి కన్ను ఆనించి చూస్తుంటే ఎవరినీ నవ్వమని చెప్పక్కర్లేదు, ఎవరూ తనకేసి చూడటం లేదు, మెడ వెనక బిగుసుకున్న నరమేదో మెల్లగా వదులైంది, ఆ కాసేపు ఆసుపత్రి లేదు, గోడ లేదు, డాక్టరమ్మ లేదు, నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో కంటికే తెలుస్తోంది, తనకి ఆకలి వేస్తోందని అప్పుడు తెలిసింది, ఇదే ఆకలి, ఆ పొద్దున వేసిన ఆకలే, ఇంకాస్త, ఇంకాస్త వెలుగు దిగితే నొక్కేయడమే, తమ్ముడూ, నీ సరస్సు ఇక నాది, అని వేలు బటను మీద పెట్టేసరికి, ఎడమ అంచున ఏదో కదిలింది.

చుక్క, నారింజ చుక్క, గేటావిడ చెప్పిన ఆ ఇంకొకాయన, పొదల్లోంచి వచ్చి, బల్లపరుపు రాయి మీద తీరుబడిగా నడిచి, సరిగ్గా చివరికి వెళ్లి, సంచి దింపి, ఏదో వెతుక్కుంటూ నిలబడ్డాడు, ఎవడ్రా వీడు, ఇంత సరస్సు ఉండగా అక్కడే చోటు దొరికిందా, తప్పుకో నాయనా, నీకు పుణ్యముంటుంది, వెలుగు పోతోంది, కదలడం లేదు మహానుభావుడు, సరే ఉండు, ఉంటే ఉండు, ఇంటికెళ్లి తుడిచేస్తా, నిన్ను తుడవడం ఎంతసేపు, అనుకుంటుండగానే చూపుడువేలు అలవాటుగా గాల్లో ఒక్క అద్దు అద్దింది, అద్దిన వేలు అక్కడే ఆగిపోయింది, ఇంతకుముందు తుడిచాడు కదా దీన్ని, దీన్నే, ఇదే రాయి చివర, ఇదే రంగు, ఇంతే ఎత్తు, ఎడమ అంచుకి ఇంతే దూరంలో, ప్లాస్టిక్ సంచి కదా అది, ప్లాస్టిక్ సంచి నిటారుగా నిలబడుతుందా, ఈ వారమంతా పార్కు మీ అన్నదమ్ములిద్దరిదే అన్నాడు ముసలాయన, ఇంకో పిట్ట లేదు అన్నాడు, కెమెరా పట్టుకున్నది తమ్ముడైతే రాయి చివర నిలబడ్డది ఎవరు, అతను తల వంచి తన ఒంటి మీది కోటు చూసుకున్నాడు, జిప్పు సగంలో ఇరుక్కున్న కోటు, ఎంత దూరం పారిపోయినా దొరికిపోతావన్నయ్యా.

అయితే జ్వరం రోజు కాదు, మళ్లీ తెరిపివ్వనే లేదు, తెరిపిచ్చింది ఆ ఒక్క పొద్దునే, తను పక్షుల వెంట పడ్డ పొద్దునే, వాడు ఫ్లాస్కుతో ఈ బాట దిగి, ఇక్కడ, సరిగ్గా ఈ స్టాండు కాళ్లున్న చోట ఆగాడు, కొండ కోసం ఆగలేదు, అన్నం మానేసి, నిద్ర మానేసి, మెట్ల మీద కూలబడ్డ అన్న ఆ చివర రెండు కాళ్ల మీద నిలబడి, వణక్కుండా కెమెరా పట్టుకుని ఉంటే చూసి ఆగాడు, కొండ పక్కనుంది కాబట్టి కొండ కూడా వచ్చింది, గీత ఒరిగిందంటే ఒరగదా మరి, ఒక చేతిలో ఫ్లాస్కు ఉంటే, ఆ చుక్క ఏదన్నయ్యా అన్నాడు, చెత్తరా అన్నాడు తను, నోరు తెరిచి మూశాడు వాడు, అది నువ్వే అని చెప్పొచ్చు కదా, ఎలా చెప్తాడు, తన మొహం చూసే ఉంటాడు, అన్న వాడి ఫోటోని కుళ్లుతో చూస్తున్న చూపు చూసే ఉంటాడు, పోనీలే అని ఫ్రిజ్జు తలుపుకి అంటించుకున్నాడు, రోజూ తలుపు తెరిచి చూసుకునేది సరస్సుని కాదు, పిన్ని ఇంట్లో, మేనకోడలి ఇంట్లో, తన ఇంట్లో టీవీ పైన, అన్నిచోట్లా ఉన్నది తను వేసిన ప్రింటు, అన్నిచోట్లా ఆ రాయి చివర ఉత్త నీళ్లు.

ఏమండీ, మీకు అడ్డంగా ఉన్నానా, తప్పుకోమంటారా, అని రాయి మీది ఆయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు, మంచి మనిషి, ఎంతసేపటినుంచి అరుస్తున్నాడో, వద్దు, వద్దండీ, అక్కడే ఉండండి అని అతనూ అరిచాడు, సగం మాట నీళ్ల మీదే పోయింది, ఆయన ఎందుకైనా మంచిదని చెయ్యి ఊపాడు, వెలుగు మోడు దాటి రాయి దాకా వచ్చింది, నొక్కాల్సిన క్షణం వచ్చి వెళ్లిపోయింది, అతను నొక్కలేదు, గోడకి ఈ ఫోటో అక్కర్లేదు, డాక్టరమ్మకి ఫోను చేసి పొరపాటు పడ్డానమ్మా అని చెప్పాలి, మిషను బాగయిందిరా అని తమ్ముడికి చెప్పాలి, తుడవని ఫైలు వాడి దగ్గర ఉండే ఉంటుంది, పట్టుకురమ్మనాలి, గోడంత చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, పోనీ, దూరం నుంచి చూస్తే కలుస్తాయి, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే కోటు పొట్టి చెయ్యి మోచేతి దాకా జారింది, ఇన్నేళ్లూ తనని లేపకుండా వెళ్లాడని వాడి మీద కుళ్లుకున్నాడు గాని, ఆ పొద్దున ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, వాడు తీసిన ఆ ఒక్క ఫోటో తనదే, అందులోంచి తనని తుడిచేసింది తనే.